ఎరిసా తాగలేదు

ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళోని తెలుగువాళ్ళ మధ్య సదాశివానికి మూడు విషయాల్లో పేరుంది. తాగడు, కారు నడపడు, ఏ విందుకు వచ్చినా అందరికంటే ముందే వెళ్ళిపోతాడు. మాల వేసుకోకుండానే ఏడాదంతా దీక్షలో ఉండే మనిషని కుర్రవాళ్ళు నవ్వుకునేవారు. ఆయన ఉండేది ఊరికి ఒక చివర, టైల్‌హర్స్ట్‌లో. ఇంకో చివర లోయర్ అర్లీలో ఎవరింట్లోనైనా పుట్టినరోజు విందు ఉంటే రెండు బస్సులు మారి వచ్చేవాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు "పదండి అంకుల్, నేను దింపుతా" అని లేచేవారు. ఆ లేచినవాడి చేతిలో గ్లాసు కనిపించిందంటే సదాశివం కోటు తొడుక్కుని చెప్పాపెట్టకుండా బయటపడేవాడు. అలా వానలో రెండు గంటలు నడిచి ఇంటికి చేరిన రోజులు కూడా ఉన్నాయి.

భార్య పుష్పలీల ఉన్నన్నాళ్ళూ ఇది ఎవరి కంటా పడలేదు. ఇంట్లో కారు ఆమెది, నడిపేది ఆమె. ఆయన పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. 2020లో ఆమె క్యాన్సర్‌తో పోయింది. కోవిడ్ రోజులు కావడంతో అంత్యక్రియలకు పదిమందికి మించి రాలేకపోయారు. కారు అమ్మేశాడు. తర్వాత పిలుపులు కూడా తగ్గుతూ వచ్చాయి. అందులో ఎవరి తప్పూ లేదు. ఒంటరి మగవాణ్ణి పిలిస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. ఒక్కగానొక్క కూతురు నిఖిత యూనివర్సిటీ చదువు ముగించి, నార్తాంప్టన్‌లో ఐటీ ఉద్యోగంలో చేరింది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. మాటలు అయిదు నిమిషాల్లో అయిపోయేవి.

సదాశివానిది జగిత్యాల. చదివింది కంప్యూటర్లు. ఇంగ్లండు వచ్చాక పాత బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్‌లు బాగుచేస్తూ బతికాడు. యాభై ఎనిమిదో ఏట కాంట్రాక్టులు రావడం ఆగిపోయింది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని, వారానికి మూడు రోజుల పని ఒకటి చూసుకున్నాడు. కెనెట్ నది పక్కన ఒక దుకాణం మీద ఉన్న చిన్న ఆఫీసు అది. నాలుగు బల్లలు, ఒక కెటిల్. ఆఫ్రికా దేశాల రోడ్డు చట్టాలను పోల్చి పట్టికలు తయారుచేసే స్వచ్ఛంద సంస్థ. దాన్ని నడిపేది ఫ్లోరెన్స్ నకాటో అనే యాభై ఏళ్ళ మనిషి. ఉగాండాలో మసాకా ఊళ్ళో పుట్టి, చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. గట్టిగా నవ్వుతుంది. తప్పు కనిపిస్తే అంతకంటే గట్టిగా చెబుతుంది.

ఆమె మొదటిరోజే పని వివరించింది. ఒక్కో దేశానికి ఒక్కో వరుస. మొదటి గడిలో, తాగి నడపడం అంటే ఆ దేశపు చట్టం ప్రకారం ఎంత తాగడం అనే అంకె. తర్వాతి గడుల్లో, ఏయే అంతర్జాతీయ ఒప్పందాల మీద ఆ దేశం సంతకం పెట్టింది, వాటిలో దేనిని తర్వాత ఆమోదించింది.

"సంతకం పెట్టడం నిశ్చితార్థం లాంటిది. ఆమోదించడం పెళ్ళి. మధ్యలో ఎన్నేళ్ళయినా గడవచ్చు. 2016లో అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాలు కూర్చుని సొంతంగా రోడ్డు భద్రతా పత్రం రాసుకున్నాయి. తర్వాత ఒక్కో దేశం చేత దాన్ని ఆమోదింపజేయడానికి ఎంత తిరిగారో నాకు తెలుసు. ఇక్కడివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వబోతే మాత్రం నవ్వనివ్వను. 1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు ఒప్పందం మీద బ్రిటన్ ఆ ఏడాదే సంతకం పెట్టింది. ఆమోదించింది ఎప్పుడో తెలుసా? 2018లో. సరిగ్గా యాభై ఏళ్ళు."

సదాశివానికి ఆ పని నచ్చింది. తలుపు మూసుకుని గడులు నింపుకుంటూ కూర్చోవచ్చు. ఎవరితోనూ మాట్లాడనక్కర లేదు. నెల రోజుల్లో పదిహేడు దేశాలు పూర్తిచేశాడు. ఉగాండా వరుసను మాత్రం దాటవేసుకుంటూ వచ్చాడు. అది ఫ్లోరెన్స్ కళ్ళబడింది.

"నువ్వు కంపాలాలో పనిచేశానని దరఖాస్తులో రాశావు కదా. మా దేశాన్నే వదిలేశావేం?" అంది. "చట్టంలో అంకె నాకే తెలుసు, రాసుకో. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఎనభై మిల్లీగ్రాములు. ఇంగ్లండులో ఎంతో అక్కడా అంతే. కాగితం మీద రెండూ అక్కాచెల్లెళ్ళు. తేడా అంతా చివరి గడిలో ఉంది. రోడ్డు మీద ఆ అంకెను కొలిచేది ఎవరు, దేంతో కొలుస్తారు? నువ్వు అక్కడ కారు నడిపి ఉంటావు. చూసింది ఒక పేజీ రాసివ్వు."

సదాశివం తల ఊపాడు. ఆ రోజు మధ్యాహ్నం ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. మూడో రోజు వచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాడు. రాయాల్సింది ఒక పేజీ, అయింది నాలుగు పేజీలు. పదహారేళ్ళుగా ఎవరికీ చెప్పని మాటలవి.

2008లో సదాశివం కంపాలాలో పంపుసెట్లు అమ్మే ఒక కంపెనీలో కంప్యూటర్ల విభాగం చూసేవాడు. మేనేజరు రామమోహనరావు భీమవరం వైపు మనిషి. ఆఫీసులో ఉన్న అయిదారుగురు తెలుగువాళ్ళకూ పెద్దదిక్కు. నవంబరులో ఒక ఆదివారం ఆయన ఎంటెబ్బేలో విక్టోరియా సరస్సు ఒడ్డున ఒక తోటలో అందరికీ భోజనాలు పెట్టాడు. నిఖితకు జ్వరంగా ఉండి పుష్పలీల పిల్లతో ఇంట్లో ఉండిపోయింది. సదాశివం ఒక్కడే వెళ్ళాడు. చేపల వేపుడు, చల్లటి బీరు. సరస్సు మీదనుంచి గాలి. నాలుగు బీర్లు తాగాడు. అయిదోది సగంలో ఉండగా, పిల్లకు మందు పట్టుకెళ్ళాలని గుర్తొచ్చి లేచాడు. కాళ్ళు తడబడలేదు. మాట తేడా రాలేదు. నడపగలననే అనుకున్నాడు. ఆపినవాళ్ళు కూడా లేరు.

సాయంత్రం నాలుగు గంటలు. మంచి వెలుతురు. రోడ్డు పక్కన నాలుగు దుకాణాలు, ఒక ఇటుకల చర్చి ఉన్న చిన్న ఊరు వచ్చింది. ముందు ఒక మనిషి సైకిలు మీద వెళుతున్నాడు. సైకిలుకు మూడు పచ్చి అరటిగెలలు కట్టి ఉన్నాయి. సదాశివం అతన్ని చూశాడు. చూసి కూడా, అతను ఇంకా దూరంగా ఉన్నాడనుకున్నాడు. బ్రేకు మీద కాలు పడేసరికి సైకిలు కారు కింద ఉంది.

జనం మూగారు. ఆ మనిషి రోడ్డంచున పడి ఉన్నాడు. ఎడమకాలు తొడ దగ్గర వంకర తిరిగి ఉంది. స్పృహలో లేడు. అరటిగెలలు విడిపోయి కాయలు రోడ్డంతా దొర్లాయి. ఎవరో పికప్ ఆపి అతన్ని ఎక్కించారు. ఇంతలో పోలీసు ఒకడు నడుచుకుంటూ వచ్చాడు. అతని దగ్గర ఒక నోటుబుక్కు, ఒక పెన్ను తప్ప ఇంకేమీ లేవు. నోటితో ఊదించి కొలిచే యంత్రం అతనికి తెలియనిదేమీ కాదు. అలాంటిది తన పోలీసు ఔట్‌పోస్టులో లేదు, అంతే. అతను గాలి పీల్చి చూసి, "మద్యం వాసన వస్తోంది. ఎవరు తాగారు?" అని అడిగాడు.

సదాశివం చెయ్యెత్తి పికప్ వైపు చూపించాడు.

"అతనే. ఊగుతూ అడ్డం వచ్చాడు," అన్నాడు.

సదాశివం ఫోన్ చేస్తే రామమోహనరావు అరగంట తర్వాత వచ్చాడు. "నువ్వింక ఏం మాట్లాడకు. మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. ఆ తర్వాత జరగాల్సినవన్నీ ఆయనే జరిపించాడు. కానీ ఆ మాట మాత్రం ఆయన నేర్పింది కాదు. ఆయన రాకముందే సదాశివం నోటినుంచి వచ్చింది. పోలీసు దాన్ని అలాగే రాసుకున్నాడు. సదాశివం దాని కింద సంతకం పెట్టాడు. ఆ కాగితం మీదే గాయపడిన మనిషి పేరు చూశాడు. ఎరిసా ముసోకే.

ఇంటికి వెళ్ళేసరికి పుష్పలీల గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమైందండి? మొఖం గట్ల పాలిపోయిందేంది?"

"ఆక్సిడెంటయింది. సైకిలోడు ఫుల్లుగ తాగి అడ్డమొచ్చిండు."

"అయ్యో! మీకేం దెబ్బలు తాకలేదు కదా? ఆయనకెట్లున్నది?"

"దవఖానకు తీస్కపోయిన్రు. మంచిగనే ఉన్నడట."

ఎవరూ అలా చెప్పలేదు. ఆ మనిషి బతికాడో పోయాడో సదాశివం కనుక్కోలేదు. రామమోహనరావు వద్దన్నాడు, సదాశివానికి కావలసింది కూడా అదే. కొన్ని నెలల్లో బ్రిటన్ వీసా వచ్చింది. విమానం ఎక్కేరోజు కంపాలా నుంచి ఎంటెబ్బేకి అదే రోడ్డు మీద వెళ్ళాలి. ఆ చర్చి దగ్గరికి రాగానే కళ్ళు మూసుకున్నాడు. పక్కనున్న పుష్పలీల ఆయన చెయ్యి పట్టుకుని, "మీ తప్పేం లేదు, మర్చిపోండి," అంది. ఆ ఓదార్పును ఆయన పదకొండేళ్ళు మోశాడు. ఆమె జబ్బుపడ్డాక ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఆమే ఏదో అడిగింది. నీళ్ళు కావాలంది ఒకసారి. నిఖితకు ఫోన్ కలపమంది ఇంకోసారి.

అదీ ఆయన రాసిన నాలుగు పేజీల్లో ఉన్న కథ.

ఫ్లోరెన్స్ చదివింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. కెటిల్‌లో నీళ్ళు మరిగాక ఎప్పుడూ ఇద్దరికీ టీ పోసేది. ఆ రెండు రోజులూ తన కప్పు ఒక్కటే నింపుకుంది. మూడో రోజు ఆయన బల్ల ముందుకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అతను బతికాడా?"

"తెలియదు."

"పదహారేళ్ళలో ఒక్కసారి కూడా కనుక్కోలేదా?"

"లేదు."

"నేను నిన్ను ఓదార్చలేను, సదాశివం. మా మేనమామ ఇలాగే పోయాడు, మసాకా రోడ్డు మీద. గుద్దినవాడు ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. వాడు కూడా ఎక్కడో ఇలాగే టీ తాగుతూ ఉండి ఉంటాడు." "కానీ పేరు తెలుసు, ఊరు తెలుసు, చర్చి తెలుసు అంటున్నావు. వెతకమంటావా? ఒకసారి వెతకడం మొదలుపెట్టాక వద్దంటే కుదరదు."

సదాశివం వెతకమన్నాడు.

నెలన్నర పట్టింది. ఆ వారాల్లో ఆయన ఇంట్లో పొయ్యి వెలిగించడమే తగ్గిపోయింది. వీధి మూలనున్న టేకవే దుకాణంలో చిప్స్ తెచ్చుకుని, సగం తిని పడేసేవాడు. అతను ఆ రోజే చనిపోయాడని వార్త వస్తే ఎలా అని భయపడేవాడు. బతికే ఉన్నాడని వస్తే, ఆ మనిషి ముఖం ఎలా చూడాలని ఇంకా భయపడేవాడు. ఒక ఆదివారం నిఖిత ఫోన్‌లో, "యు సౌండ్ టెరిబుల్, డాడ్. డాక్టర్ దగ్గరికి వెళ్ళావా?" అని అడిగింది. వెళతానన్నాడు. వెళ్ళలేదు.

నవంబరు చివర్లో ఫ్లోరెన్స్‌కు తెలిసినవాళ్ళు ఆ చర్చి పాస్టర్‌ను పట్టుకోగలిగారు. ఎరిసా ఆ ప్రమాదంలో చనిపోలేదు. కాలు పొట్టయిపోయి, కర్ర సాయంతో నడిచేవాడు. 2017లో జ్వరం వచ్చి పోయాడు. భార్య లెబెకా అదే ఊళ్ళో ఉంది. ఆమె మాట్లాడడానికి ఒప్పుకుంది. శనివారం పొద్దున సదాశివం, ఫ్లోరెన్స్ ఆఫీసులో కూర్చున్నారు. ఫోను బల్లమీద స్పీకర్‌లో పెట్టారు. లెబెకాకు ఇంగ్లీషు రాదు, లుగాండా ఒక్కటే వచ్చు. ఫ్లోరెన్స్ మధ్యలో కూర్చుని అటుమాట ఇటు, ఇటుమాట అటు చెప్పింది.

సదాశివం క్షమించమని చెప్పడానికి కొన్ని వాక్యాలు కాగితం మీద రాసుకుని వచ్చాడు. అవి చదివే అవకాశం రాలేదు. లెబెకా పలకరింపులు కాగానే ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఫ్లోరెన్స్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆ రోజు నా భర్త తాగి ఉన్నాడా అని అడుగుతోంది."

సదాశివం ఫోను వైపు వంగాడు. "లేదు. తాగింది నేను. ఆయన తిన్నగా తన దారిన వెళుతున్నాడు. వాసన నా దగ్గర నుంచి వచ్చింది. ఆయన దగ్గర నుంచి అని నేను అబద్ధం చెప్పాను."

ఫ్లోరెన్స్ ఆ మాటలు చెప్పింది. అవతల ఎక్కడో కోడి కూసింది. తర్వాత లెబెకా ఎవర్నో పిలిచింది. ఫ్లోరెన్స్ తలెత్తకుండా, "కూతుర్ని పిలిచింది. కూతురు కూడా వినాలట. మళ్ళీ చెప్పమంటోంది," అంది.

సదాశివం మళ్ళీ చెప్పాడు.

అప్పుడు లెబెకా చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళది మద్యం ముట్టని సంఘం. ఎరిసా ఆదివారాలు చర్చిలో బైబిలు పాఠం చదివేవాడు. ఊళ్ళో ఆయన గొంతుకే అందరూ చెవి ఒగ్గేవారు. ప్రమాదం తర్వాత పోలీసు కాగితంలో ఆయన తాగి ఉన్నాడని ఉందని ఊరంతా తెలిసింది. ఆయన కాదన్నాడు. పరీక్ష చేసినవాళ్ళు లేరు కాబట్టి కాదని చూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. సంఘం పెద్దలు ఆయన్ను చదవనివ్వడం మానేశారు. తోబుట్టువులు కూడా పూర్తిగా నమ్మలేదు. ఎప్పుడో ఒకసారి తాగి ఉంటాడులే అన్నారు. కాలు గురించి ఆయన ఒక్కనాడూ బాధపడలేదు. చివరి జ్వరంలో, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితిలో కూడా, "నేను తాగలేదు" అంటూనే ఉన్నాడు.

"నువ్వు నమ్మావా అని ఆమెను అడుగు," అన్నాడు సదాశివం.

ఫ్లోరెన్స్ అడగనంది. "ఆ ప్రశ్న అడిగే హక్కు నీకు లేదు."

లెబెకా తనకు కావలసింది చెప్పింది. ఇప్పుడు నోటితో చెప్పిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపాలి. దాన్ని చర్చిలో అందరిముందూ చదివిస్తుంది. అంతకుమించి ఆయన నుంచి ఆమెకు ఏదీ వద్దు. ఆయన ఆ ఊరికి రానక్కర లేదు కూడా. ఫోను పెట్టేసింది.

సదాశివం మర్నాడే రాయడానికి కూర్చున్నాడు. ప్రమాణపత్రంలా ఉండాలని ఊళ్ళో ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ కుర్ర లాయరు చదివి పెన్ను పక్కన పెట్టాడు.

"దీనివల్ల ఆ దేశం పోలీసులు కేసు తిరగదోడవచ్చు. ఆ సంగతి ఆలోచించారా?"

"ఆలోచించాను. వాళ్ళకు కూడా ఒక కాపీ పంపుతున్నాను," అన్నాడు సదాశివం.

రెండు కవర్లు కట్టాడు. ఒకటి చర్చికి, ఒకటి ఆ ఊరి పోలీసు ఔట్‌పోస్టుకు. పోస్టు చేశాక, ఇక కూతురికి చెప్పడం ఒక్కటే మిగిలింది. ఫోనులో చెప్పే మాట కాదని రైలెక్కి నార్తాంప్టన్ వెళ్ళాడు. నిఖిత ఫ్లాట్ చిన్నది. కిటికీ పక్కన రెండు కుర్చీలు. ఆయన ఎప్పుడూ చెప్పాపెట్టకుండా రాలేదు కాబట్టి ఆమె కంగారుపడింది.

"ఏమైంది డాడ్? ఆర్ యు ఇల్?"

"లేదు బిడ్డా. నీకొక ముచ్చట చెప్పాలె. కూసో."

తెలుగులోనే చెప్పాడు, మొదటినుంచి చివరిదాకా. నిఖితకు పదిహేడేళ్ళప్పుడు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. అప్పుడు ఆయన నోటితో ఊదే చిన్న పరీక్ష పరికరం కొనిచ్చి, కారు తీసే ప్రతిసారీ ఊది చూసుకోమన్నాడు. అప్పటికి ఆమె మద్యం రుచి కూడా చూడలేదు. "నా మీద నమ్మకం లేదా?" అని ఆ రోజు ఏడ్చింది. నెలరోజులు మాట్లాడలేదు. అది ఇద్దరికీ ఇప్పుడు గుర్తొచ్చింది.

"సో దట్ వాజ్ యు," అంది చివరికి. "నీ మీద నీకు నమ్మకం లేదు. నన్ను ఊదమన్నావు."

నిఖితే మళ్ళీ అడిగింది.

"డిడ్ మమ్ నో?"

"లేదు."

"నెవర్?"

"చెప్పలేకపోయిన, బిడ్డా."

నిఖిత లేచి వంటగదిలోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు, కట్టేసిన చప్పుడు. తిరిగి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "ప్లీజ్ గో హోమ్, డాడ్. నేను ఫోన్ చేస్తా. ఐ జస్ట్ కాంట్, నౌ," అంది. ఆయన బూట్లు తొడుక్కుంటుంటే లేసులు చేతికి అందలేదు. ఆమె చూస్తూ నిలబడింది, దగ్గరికి రాలేదు.

ఆ ఆదివారం ఫోన్ రాలేదు. తర్వాతి ఆదివారం కూడా రాలేదు. క్రిస్మస్ సెలవులకు ఆఫీసు మూసేశారు. పదకొండు రోజులు సదాశివం ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు దుకాణంలో పాలు కొంటూ "థాంక్యూ" అనబోతే గొంతు గీరుకుపోయి మాట రాలేదు. వీధిలో అందరి కిటికీల్లో దీపాలున్నాయి. ఆయన ముందుగదిలో లైటు వేసుకోకుండా కూర్చునేవాడు. పుష్పలీల ఫోటో గోడమీద ఉంది. చెప్పాల్సిందంతా ఒకరోజు ఆ ఫోటోకు పైకే చెప్పాడు. చెప్పాక భారం ఏమీ దిగలేదు. ఫోటో ఎప్పటిలాగే నవ్వుతోంది. ఆమె బతికుండగా ఏమనేదో ఊహించబోయాడు. తిట్టేదా, ఏడ్చేదా, మళ్ళీ చెయ్యి పట్టుకునేదా? తెలియలేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఏమనేదో తెలియకపోవడమే ఆయన్ను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసింది.

జనవరి రెండో ఆదివారం చర్చిలో ఆ పత్రం చదివారు. ఎలా జరిగిందో సోమవారం ఫ్లోరెన్స్ చెప్పింది. పాస్టర్ మొదట ఇంగ్లీషులో, తర్వాత లుగాండాలో చదివాడు. ఎరిసాకు అన్నయ్య అయిన ముసలివాడు లేచి, చెవులు సరిగా వినపడవు, మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివారు. ఆయన చేతుల్లో ముఖం దాచుకున్నాడు. అప్పట్లో ఎరిసాను చదవనివ్వని పెద్దల్లో ఒకరే బతికి ఉన్నారు. ఆయన లేచి నిలబడి, ఏం చెప్పాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. లెబెకా ముందు వరుసలోంచి వెళ్ళి, పాస్టర్ చేతిలోంచి కాగితం తీసుకుని, మడిచి, సంచిలో పెట్టుకుంది. ప్రార్థన అయ్యేదాకా ఆగకుండా కూతురితో కలిసి ఇంటికి వెళ్ళిపోయింది.

"నాకేమన్నా చెప్పమందా?" అని అడిగాడు సదాశివం.

"లేదు," అంది ఫ్లోరెన్స్. "ఏమన్నా చెబుతుందనుకున్నావా?"

"అనుకున్నాను," అని నిజం ఒప్పుకున్నాడు.

ఫ్లోరెన్స్ లేచి కెటిల్ పెట్టింది. ఆ రోజు రెండు కప్పుల్లో పోసింది. తర్వాత ఆమె పట్టిక తెరిచి, ఉగాండా వరుసలో చివరి గడికి ఏం రాయాలో చర్చ మొదలుపెట్టింది. పదహారేళ్ళనాటి ఒక సంగతి పట్టుకుని ఇప్పటి పరిస్థితి ఇదీ అని రాయకూడదని, ఇప్పుడు అక్కడ ఊదించే పరికరాలతో తనిఖీలు జరుగుతున్నాయని ఆమె పట్టుబట్టింది. చివరికి ఆ నాలుగు పేజీలను పేర్లు తీసేసి పట్టిక వెనక వేరుగా జతచేశారు. వాటికి ముందు సదాశివం ఒకే వాక్యం కలిపాడు. పరీక్ష లేనిచోట తాగినవాడు తప్పించుకోవడంతో ఆగదని, తాగనివాడు కూడా దోషి అవుతాడని. ఫ్లోరెన్స్ అందులో ఒక్క అక్షరం మార్చలేదు.

పోలీసుల నుంచి ఇప్పటికీ జవాబు లేదు. ఉత్తరం చేరిందో లేదో కూడా తెలియదు. సదాశివం నెలకొకసారి కొత్త కాపీ పంపుతూనే ఉన్నాడు.

నిఖిత ఫిబ్రవరిలో ఒక శనివారం వచ్చింది. ముందుగా ఒక మెసేజ్ పెట్టింది, అంతే. ఆయన పొద్దున్నే లేచి పప్పు, బెండకాయ వేపుడు, అన్నం వండాడు. ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ఉప్పు తక్కువైందని ఆమె లేచి డబ్బా తెచ్చుకుంది. ఉద్యోగం గురించి, ఫ్లాట్ అద్దె పెంచడం గురించి మాట్లాడింది. ఆ విషయం ఎత్తలేదు. వెళ్ళే ముందు గోడమీది ఫోటో ముందు ఆగింది.

"మమ్ వుడ్ హావ్ గాన్ టు సీ దెమ్," అంది. "తను వెళ్ళేది. డే వన్."

సదాశివం ఆలోచించాడు. "అవును బిడ్డా, పోయేది," అన్నాడు. ఆ సంగతి తనకు తట్టలేదని, కూతురికి తట్టిందని ఆశ్చర్యపోయాడు.

"ఇయ్యాల ఉండరాదు? రేపు పోదువు గాని," అన్నాడు.

"నాట్ టుడే. నెక్స్ట్ మంత్ చూద్దాం," అని ఆమె ఒక్క క్షణం ఆయన భుజం మీద చెయ్యి వేసి, తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది. సదాశివం తిన్న పళ్ళేలు రెండూ తీసి కడిగాడు. మిగిలిన పప్పు చిన్న గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. సోమవారం దాకా సరిపోతుంది.